కొత్త మున్సిపాలిటీ తొలి బడ్జెట్: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ శివారు పంచాయతీలు మున్సిపాలిటీలుగా మారినప్పుడు వాటి పద్దులు చూడటం నా పని. అప్పుడు తరచూ వినే మాటలివి.

అపోహ: పంచాయతీ బోర్డు తీసి మున్సిపాలిటీ బోర్డు పెట్టగానే ఇంటి పన్ను డబుల్.
బోర్డుతో పెరగదు, కొలతలు మళ్లీ తీస్తే పెరుగుతుంది. పంచాయతీ రికార్డులో రెండు గదుల ఇల్లు ఇవాళ మూడంతస్తులై ఉంటుంది. అయితే ఎన్నికల ముందు టేపు పట్టుకుని గల్లీలోకి వెళ్లమని ఏ నాయకుడూ చెప్పడు.

అపోహ: తొలి బడ్జెట్ గెలిచినవాళ్లు వేస్తారు.
2018 ఆగస్టులో రాష్ట్రంలో 68 కొత్త మున్సిపాలిటీలు వచ్చాయి. ఎన్నికలు జరిగింది 2020 జనవరిలో. అప్పటిదాకా సంతకాలన్నీ ప్రభుత్వం పెట్టిన ప్రత్యేకాధికారులవే. కౌన్సిల్ కొలువుదీరేసరికి చెత్త బండ్లు కొనాలా, అద్దెకు తీసుకోవాలా అన్నది కూడా తేలిపోయి ఉంటుంది.

అపోహ: రాజకీయమంతా ఖర్చుల దగ్గరే.
అసలు రాజకీయం రాబడి దగ్గర. జీతాలు, కరెంటు బిల్లులు, అప్పు వాయిదాలు, 2019 మున్సిపల్ చట్టం ప్రకారం పచ్చదనానికి 10 శాతం ముందే తీసి పెట్టాలి. మిగిలేది కొంచెం, రోడ్డేమో ప్రతి కాలనీకీ కావాలి. దాంతో రాబడి అంకెను సాగదీస్తారు. ఇంటి పన్ను డిమాండ్, అంటే ఊరంతా కట్టాల్సిన మొత్తం, 10 కోట్లు, కిందటేడు వసూలైంది 6 అనుకోండి. ఈ ఏడు 9 వస్తుందని రాసి, రాని ఆ 3 కోట్ల మీద రోడ్లు మంజూరు చేస్తారు. రోడ్డు పడుతుంది, కాంట్రాక్టర్ బిల్లు పెండింగ్‌లో పడుతుంది. శివార్లలో ఇంకో చిక్కుంది: ఇళ్ల పర్మిషన్ ఫీజులు. రియల్ ఎస్టేట్ జోరులో దండిగా వస్తాయి, అది చల్లబడితే ఆగిపోతాయి. ఆ డబ్బును నమ్ముకుని నెల జీతాల మనుషుల్ని పెట్టుకోవడమంత తెలివితక్కువ పని లేదు. బడ్జెట్ కాపీ దొరికితే ముందు డిమాండ్, వసూలు, బకాయి పట్టిక చూడండి.

అపోహ: పట్టణమైతే నిధులే నిధులు.
ఉపాధి హామీ పనులు పోతాయి, అవి పల్లెలకే. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంట్లూ ఆగుతాయి.

అపోహ: కార్పొరేషన్ అయ్యాక ఇక ఢోకా లేదు.
బోడుప్పల్, పీర్జాదిగూడ, నిజాంపేట 2019లో కార్పొరేషన్లయ్యాయి. 2025 డిసెంబరులో, మొత్తం 27 పట్టణ సంస్థలతో పాటు, హైదరాబాద్ మహానగర పాలక సంస్థ జీహెచ్ఎంసీలో కలిసిపోయాయి. 2007లో 12 మున్సిపాలిటీలకూ ఇదే జరిగింది. విలీనమైతే బ్యాంకు నిల్వా, పెండింగ్ బిల్లులూ రెండూ పెద్ద సంస్థకే చేరతాయి. పొదుపుగా నడిపిన ఊరికి విడిగా ఏ రాయితీ ఉండదు. అందుకే విలీనం మాట వినగానే, డబ్బు చేయి దాటకముందే మన వార్డులో ఖర్చు పెట్టేద్దాం అని ఒత్తిడి మొదలవుతుంది.