సీఎస్ఆర్ గురించి మా తిరుపతి వైపు రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో సీఎస్ఆర్ పని, అంటే కంపెనీ తన లాభంలో కొంత బయటి జనం మంచికి ఖర్చు పెట్టే పని, చూస్తా ఉన్నా, పదకొండేళ్లయింది. ఊర్లలో సర్పంచుల దగ్గర్నుంచి మా ఆఫీసులో అకౌంట్స్ వాళ్ల దాకా అందరి నోటా అవే మాటలు, ఒక్కోసారి ఆ మాటల వల్లే చేయాల్సిన పని ఆగిపోతా ఉంటుంది, చూస్తే బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: సీఎస్ఆర్ అంటే ఓనరు మనసైతే ఇచ్చే దానం.

కాదండి, చట్టం. 2013 కంపెనీల చట్టంలో సెక్షన్ 135, 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ముందు ఏడాది నికర లాభం 5 కోట్లు గానీ, టర్నోవర్ 1000 కోట్లు గానీ, నెట్‌వర్త్ (అప్పులు పోను మిగిలే సొంత ఆస్తి) 500 కోట్లు గానీ, ఈ మూడిట్లో ఏ ఒక్కటి ఉన్నా ఖర్చు పెట్టి తీరాలి. పెద్ద పెద్ద కంపెనీలకే అనుకుంటారు గానీ 5 కోట్ల లాభం అంటే మంచి సీజన్ పడితే చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీకైనా రావచ్చు.

అపోహ: టర్నోవర్‌లో 2 శాతం ఇవ్వాలి.

ఇది ఊర్లలో బాగా నాటుకుపోయింది, "మీది వెయ్యి కోట్ల కంపెనీ కదా, 20 కోట్లు రావాలి" అంటారు. లెక్క అది కాదు. వెనకటి మూడేళ్ల నికర లాభం సగటులో 2 శాతం. లాభాలు వరసగా 6, 8, 10 కోట్లు అనుకోండి, సగటు 8 కోట్లు, అందులో 2 శాతం అంటే 16 లక్షలు. అంతే. ఆ 16 లక్షలకి పదిహేను ఊర్ల నుంచి అర్జీలు వస్తాయి.

అపోహ: ట్యాక్స్ ఎగ్గొట్టడానికే ఇదంతా.

సీఎస్ఆర్ ఖర్చుని వ్యాపార ఖర్చుగా చూపించుకోవడానికి లేదని 2014లోనే ఇన్‌కం ట్యాక్స్ చట్టంలో రాశారు.

అపోహ: ఏ మంచి పని చేసినా సీఎస్ఆర్ కిందికే వస్తుంది.

మా ఆఫీసులోనే దీని మీద ఎక్కువ వాదన జరుగుతుంది. మన ఎంప్లాయీస్ పిల్లలకి మాత్రమే ఫీజులు కడితే సీఎస్ఆర్ కాదు. మన ఫ్యాక్టరీ మురికినీళ్లు మనం శుద్ధి చేసుకోవడం కాదు, అది వేరే చట్టాల కింద ఎలాగూ చేయాల్సిందే. ఒక రోజు మారథాన్ పెట్టి టీషర్టులు పంచడం కాదు. పార్టీలకి ఇచ్చే చందా అసలే కాదు. ఇంకోటి, మా తిరుపతిలో అందరూ అడిగేది, కొండ మీద హుండీలో వేసింది రాసుకోవచ్చా అని. అది మన మొక్కు, మన భక్తి, దానికి షెడ్యూల్ 7లో, అంటే సీఎస్ఆర్ కింద చేయదగ్గ పనుల జాబితాలో, చోటు లేదు. గోడౌన్లో పడున్న పాత కంప్యూటర్లు స్కూలుకి ఇచ్చి వాటికో రేటు కట్టి రాసుకుందామంటారు, అదీ కుదరదు, డబ్బు ఖర్చు పెట్టాల్సిందే.

అపోహ: ఖర్చు పెట్టకపోతే రిపోర్టులో ఒక కారణం రాస్తే చాలు.

ఒకప్పుడు అంతే. 2021 జనవరి నుంచి మారిపోయింది. నడుస్తున్న ప్రాజెక్టు డబ్బు మిగిలితే ఏప్రిల్ 30 లోపల వేరే బ్యాంకు అకౌంట్లో వేసి మూడేళ్లలో ఖర్చు పెట్టాలి, అలాంటి ప్రాజెక్టే లేకపోతే ఆర్నెల్లలో ప్రధానమంత్రి సహాయ నిధి లాంటి దాంట్లో వేసేయాలి. వేయకపోతే కంపెనీకి ఆ మొత్తానికి రెండింతలు గానీ కోటి రూపాయలు గానీ, ఏది తక్కువైతే అది జరిమానా.

అపోహ: జీతాలకి 5 శాతం మించి ఇవ్వకూడదు.

ఇది మాత్రం కొంచెం గట్టిగానే చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నష్టపోయేది చిన్న స్వచ్ఛంద సంస్థలు. ఆ 5 శాతం, ఏడాది సీఎస్ఆర్ ఖర్చు మొత్తంలో కంపెనీ తన సీఎస్ఆర్ విభాగం నడుపుకునే ఖర్చుకి పెట్టిన హద్దు. ట్యూషన్ సెంటర్ ప్రాజెక్టు అయితే పాఠం చెప్పే అమ్మాయి జీతమే ఆ ప్రాజెక్టు, దాన్ని ఈ 5 శాతంలోకి లాక్కొచ్చి కోసేస్తే ఇంక పాఠం ఎవరు చెప్తారు? బోర్డులు, బెంచీలు మిగుల్తాయి, అంతే.

అపోహ: రిబ్బన్ కట్ చేస్తే పని అయిపోయినట్టు.

శ్రీకాళహస్తి వైపు ఒక హైస్కూల్లో మేమే నీళ్ల ప్లాంటు పెట్టించాం. రెండేళ్ల తర్వాత వేరే పని మీద పోయి చూస్తే స్టీల్ ట్యాంకు మీద మా కంపెనీ పేరు తళతళ మెరుస్తా ఉంది, నాలుగు కుళాయిల్లో ఒకదానికి సైకిల్ ట్యూబు చుట్టి ఉంది, ఫిల్టర్ విప్పితే లోపలంతా సున్నం కొట్టినట్టు తెల్లగా గట్టిపడిపోయింది. అక్కడ ఊడ్చే ఆయమ్మ "మోటారు కాలిపోయి సమచ్చరమైంది సార్, ఎవురికి చెప్పాలో తెలీలా" అనింది. పిల్లలు ఇంటి నుంచి బాటిళ్లు తెచ్చుకుంటా ఉన్నారు. మా ఫైల్లో మాత్రం ఆ ప్లాంటు "పూర్తయింది" అనే ఉంది. ఆ రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆ తర్వాత ఎక్కడ ప్లాంటు పెట్టినా మూడేళ్ల మెయింటెనెన్స్ ఖర్చు ముందే లెక్కలో వేస్తున్నాం, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో పంచాయతీతో కాగితం రాయించుకుంటున్నాం, ఫోన్ నంబరు గోడ మీద పెయింటుతో రాయిస్తున్నాం. 2021 రూల్స్ ప్రకారం ఇలాంటి ఆస్తి కంపెనీ పేరు మీద ఉండకూడదు కూడా, పంచాయతీదో, వాడుకునేవాళ్ల సంఘానిదో అయ్యుండాలి. ఆ ప్లాంటు నీళ్లు క్యాన్లలో అమ్మి నాలుగు రూపాయలు మిగిలినా కంపెనీ లాభంలో కలుపుకోకూడదు, తిరిగి సీఎస్ఆర్‌కే పెట్టాలి.

అపోహ: వ్యాపారానికి ఇది దండగ ఖర్చు.

మా షిఫ్టుకి వచ్చే ఆడపిల్లలు చాలామంది ఆ చుట్టుపక్కల ఊర్లవాళ్లే, వాళ్ల తమ్ముళ్లు, చెల్లెళ్లు చదివేది అలాంటి స్కూళ్లలోనే. మేం బోరు వేసి లాగేది కూడా ఆ ఊర్ల కింద నీళ్లే. చెరువు పూడిక తీయించిన ఏడాది ఊరోళ్లు మాతో మాట్లాడే తీరే మారిపోయింది, గేటు ముందు టెంటు వేసే బదులు ఫోన్ చేసి అడుగుతున్నారు. ఇది ఏ బ్యాలెన్స్ షీట్లోనూ కనపడదు గానీ ప్లాంట్ మేనేజర్‌కి తెలుసు.

అపోహ: ఊరోళ్లకి అడిగే దారి లేదు.

ఉంది. తన చుట్టుపక్కల ప్రాంతానికి ముందు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ప్రాజెక్టుల వివరాలు వెబ్‌సైట్ ఉన్న కంపెనీ అందులో పెట్టాలి, కేంద్రం వాళ్ల నేషనల్ సీఎస్ఆర్ పోర్టల్లో కూడా కంపెనీ పేరు కొట్టి ఏ జిల్లాలో ఎంత పెట్టారో చూసుకోవచ్చు. సంస్థ తరఫున అడిగేవాళ్లయితే సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ (సీఎస్ఆర్ పని చేసే సంస్థలు కేంద్రం దగ్గర చేయించుకునేది), ఇన్‌కం ట్యాక్స్ వాళ్లు సంస్థలకి ఇచ్చే 12ఏ, 80జీ కాగితాలు, మూడేళ్లు పని చేసిన రికార్డు దగ్గర పెట్టుకోండి. ఇంకో మాట, మార్చిలో రావద్దు, అప్పటికి ఆ ఏడాది డబ్బంతా ప్లాన్లో పడిపోయుంటుంది. మేం వచ్చే ఏడాది ప్లాన్ రాసుకునేది డిసెంబరు, జనవరిలో. అప్పుడు రండి, ఒక పేజీ అర్జీ చాలు, కాకపోతే మూడేళ్ల తర్వాత దాన్ని చూసుకునేదెవరో అందులో పేరు రాసి తీసుకురండి.