మావాణ్ణి ఎందుకు మార్చారు? మిషన్ ట్రాన్స్‌ఫర్లపై అపోహలు - వాస్తవాలు

నేను ఫిలిప్పీన్స్‌లో కడవరి దిన పరిశుద్ధుల సంఘం (మోర్మన్ చర్చి అని కూడా అంటారు) మిషనరీగా, అంటే మత ప్రచారకుడిగా, సేవ చేసి వచ్చాను. ఇప్పుడు హైదరాబాద్‌లో మిషన్‌కి బయల్దేరే పిల్లలకి, అంతకన్నా ఎక్కువగా వాళ్ల అమ్మానాన్నలకి, సందేహాలు తీర్చే పని నా మీద పడింది. ఇక్కడ మా స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన విభాగం, ఏర్పడింది 2012లో. దేశంలో అదే మొదటిది. అందుకే చాలా ఇళ్లలో మిషన్‌కి వెళ్తున్న తొలి మనిషి ఆ పిల్లాడే. అడిగి తెలుసుకోవడానికి అనుభవమున్న బాబాయో మేనమామో ఉండరు. ఇక ఎవరికి తోచింది వాళ్లు ఊహించుకుంటారు, ముఖ్యంగా ట్రాన్స్‌ఫర్ల గురించి.

అపోహ: ఏదో తప్పు చేస్తేనే ఊరు మారుస్తారు.

ఇది మన గవర్నమెంటు ఆఫీసుల పుణ్యం. ట్రాన్స్‌ఫర్ అనగానే ఎవరికో కోపం వచ్చి శంకరగిరి మాన్యాలు పట్టించారనే అనుకుంటాం. రిటైరైన ఒక తండ్రి "నిజం చెప్పు బాబూ, మావాడు ఎవరితో పెట్టుకున్నాడు?" అని గుచ్చి గుచ్చి అడిగారు. ఎవరితోనూ పెట్టుకోలేదండీ. సుమారు ఆరు వారాలకోసారి మార్పుల జాబితా వస్తుంది. రెండేళ్లు పూర్తయిన ఎల్డర్లు (అబ్బాయిలు), 18 నెలలు నిండిన సిస్టర్లు (అమ్మాయిలు) ఇంటికి వెళ్తారు. కొత్తవాళ్లు దిగుతారు, వాళ్లకి పని నేర్పే సీనియర్లు కావాలి. మిషనరీలు ఎప్పుడూ జంటగానే ఉండాలి కాబట్టి ఒకరు కదిలితే ఆ కదలిక మూడు నాలుగు ఊళ్లదాకా పోతుంది. మీవాడు ఎన్నడూ చూడని ఊళ్లో ఎవరో ఇంటికి విమానం ఎక్కడమే మీవాడి మార్పుకి కారణం కావచ్చు. అక్కడి మిషనరీలందరి బాధ్యత చూసే మిషన్ ప్రెసిడెంట్ ప్రార్థన చేసుకునే నిర్ణయిస్తారు, కానీ ఆయన ఎదురుగా అందరి ఫొటోలున్న బోర్డు కూడా ఉంటుంది. ఇక పెద్ద ఊరికి వేశారని స్వీట్లు పంచిన ఇల్లూ చూశాను. అది ప్రమోషనూ కాదు.

అపోహ: ఆరు వారాలకోసారి అందరూ మూటాముల్లె సర్దుకోవాల్సిందే.

జాబితా రావడం వేరు, అందులో పేరుండటం వేరు. ఒకే ఏరియాలో ఆరు నెలలు ఉండటం మామూలే. ఎక్కువగా జంటలో ఒకరిని ఉంచి ఒకరినే కదుపుతారు. ఒక్కోసారి ఇద్దరినీ ఒకేసారి మార్చేస్తారు. మిషనరీలు దాన్ని వైట్‌వాష్ అంటారు. వెళ్లినవాళ్లు ఏం రాసిపెట్టి వెళ్లారో అప్పుడు బయటపడుతుంది.

అపోహ: మారడమంటే సూట్‌కేసు సర్దుకోవడమే.

నన్నడిగితే సూట్‌కేసు ఆఖరి పని. ముందు ఏరియా బుక్, అంటే ఆ ఊళ్లో కలుస్తున్నవాళ్ల వివరాల పుస్తకం, సరిగ్గా రాయాలి. ఇప్పుడది ఫోన్లో యాప్. అందులో "చాలా మంచివారు, ఆసక్తి ఉంది" అని రాస్తే కొత్తగా వచ్చినవాడికి ఒరిగేదేమీ లేదు. "చర్చి వెనక సందు, నీలం గేటున్న కిరాణా కొట్టు పక్క ఇల్లు. ఆయన ట్రైసికిల్ నడుపుతారు, చీకటి పడ్డాకే దొరుకుతారు. ఆవిడకి చదవడం రాదు, నలుగురిలో చదవమని అడగొద్దు. కుక్క కరుస్తుంది" అని రాస్తే ఆ ఇంటికి రాకపోకలు ఆగవు. బయల్దేరే పిల్లలతో ఇక్కడే ఒక పని చేయిస్తాను: మ్యాప్ లేకుండా, ఏ మెట్రో పిల్లర్ దగ్గర దిగాలో మొదలుపెట్టి, తమ ఇంటికి దారి రాయమంటాను. సగంమంది సొంత గల్లీలోకొచ్చి తప్పిపోతారు.

సూట్‌కేసు సంగతి అమ్మలకి. ఆవకాయ సీసా జీప్నీ (అక్కడి షేర్ బండి) ఎక్కి, పడవ దిగేసరికి నూనె తెల్లచొక్కాల మీదకి వచ్చేస్తుంది. మిషనరీకి ఉండేవే ఆ చొక్కాలు. ఆ మరక ఏ సబ్బుకీ లొంగదు. కందిపొడి, కరివేపాకు పొడి పంపండి.

అపోహ: భాష ఒకసారి నేర్చుకుంటే చివరిదాకా సరిపోతుంది.

దేశాన్ని బట్టి ఉంటుంది. ఫిలిప్పీన్స్‌లోని లూజాన్ దీవి ఉత్తరాన ఒక ఊళ్లో టగాలోగ్, ఇంకో ఊళ్లో ఇలోకానో. అయినా ఇంట్లో తెలుగు, ఆటోలో హిందీ, కాలేజీలో ఇంగ్లీషు మాట్లాడే హైదరాబాద్ పిల్లలకి ఇది అంత టెన్షన్ పడాల్సిన విషయం కాదు.

అపోహ: కొత్త ఊరికి వెళ్తే ఇంటికి ఫోన్లుండవు.

2019 ఫిబ్రవరి నుంచి వారానికోసారి, ప్రిపరేషన్ డే (బట్టలు, సరుకుల్లాంటి సొంత పనులకి ఇచ్చే రోజు) నాడు, ఇంటికి ఫోన్ గానీ వీడియో కాల్ గానీ చేసుకోవచ్చు. అంతకుముందు ఏడాదికి రెండుసార్లే ఉండేది. ఫిలిప్పీన్స్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది, అది చూసుకోండి.

అపోహ: తెలిసినవాళ్లతో చెప్పిస్తే నచ్చిన ఊరికి వేస్తారు.

వేయరు. కంపానియన్‌తో, అంటే జంటలో రెండోవాడితో, పడటం లేదని ఫోన్ చేసినా ముందు కూర్చుని మాట్లాడుకోమనే అంటారు. కానీ ఆరోగ్యం బాగాలేకపోయినా, ఉన్నచోట భద్రత లేదనిపించినా జాబితా కోసం ఆగకూడదు. ఆ రోజే ప్రెసిడెంట్‌కి ఫోన్ చేయాలి. అలాంటప్పుడు మధ్యలోనైనా మారుస్తారు. మొహమాటపడి ఊరుకునే పిల్లలైతే ఈ మాట ఎయిర్‌పోర్టుకి వెళ్లేముందే గట్టిగా చెప్పి పంపండి.