ఎమర్జెన్సీ బటన్ నొక్కితే బిల్లు రాదు: నిషికసాయ్ స్టేషన్‌లో అపోహలు, వాస్తవాలు

టోక్యో తూర్పున, తోజాయ్ మెట్రో లైన్ మీదున్న నిషికసాయ్ చుట్టుపక్కల భారతీయ కుటుంబాలు ఎక్కువ. కొత్తగా వచ్చినవాళ్లకు ముందుగా చెవినపడే మాట ఇది: "ప్లాట్‌ఫామ్ మీది ఆ బటన్ జోలికి పోవద్దు, రైలు ఆగితే లక్షల యెన్‌ల బిల్లు ఇంటికొస్తుంది."

పచ్చి అబద్ధం. ప్రాణం తీసే అబద్ధం.

మనిషి పట్టాల మీద పడితే మొదట చేయాల్సింది ఆ బటన్ నొక్కడమే. జపనీస్‌లో దాన్ని హిజో తేయిషి బొతాన్ అంటారు. నొక్కగానే దగ్గర్లోని డ్రైవర్లకు ఆగమని సంకేతం వెళ్తుంది. వేగంలో ఉన్న రైలుకు బ్రేక్ వేసినా ఆగేసరికి వందల మీటర్లు దాటిపోతుంది, కాబట్టి ఎవరినో అడిగి నొక్కుదామనుకునే లోపే సమయం మించిపోతుంది. నిజంగా ప్రమాదం చూసి నొక్కినవాళ్ల దగ్గర రైల్వే డబ్బు అడగదు. ఆకతాయితనంగా నొక్కితేనే పోలీసు కేసు.

నొక్కారు కదా, ఇక కిందికి దూకకండి. 2001 జనవరి 26న షిన్-ఓకుబో స్టేషన్‌లో పట్టాల మీద పడిన మనిషి కోసం ఇద్దరు దిగారు. ముగ్గురూ చనిపోయారు. ఆ ఇద్దరిలో ఒకరు కొరియా విద్యార్థి లీ సూహ్యోన్. వాళ్ల గుండెధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. ఆ ప్రమాదం తర్వాతే ఈ బటన్లు, ప్లాట్‌ఫామ్ కింద మనిషి దాక్కునే ఖాళీలు పెట్టాలని ప్రభుత్వం రైల్వేలకు గట్టిగా చెప్పింది. పడింది మీరే అయితే పైకి ఎగబాకాలని పెనుగులాడకుండా ఆ ఖాళీలోకి దూరండి.

ఫోన్ పడితే? అప్పుడూ దిగొద్దు. నేల మీద రాసిన బోగీ నంబరు, తలుపు నంబరు చూసుకుని సిబ్బందికి "సుమాహో ఓతోషిమాషిత" (ఫోన్ పడేసుకున్నాను) అనండి. పొడవాటి కర్రతో పట్టి తీసిస్తారు. రద్దీ వేళల్లో రైళ్ల మధ్య సందు దొరికేదాకా ఆగాలి, అంతే. కంగారు పడకండి, తిట్టరు.

మిగతావి చకచకా.

సుయికా, పాస్మో లాంటి రైలు కార్డులో డబ్బు చాలకపోతే ఫైన్ అంటారు. లేదు. గేటు లోపలే సేయిసాన్కి అనే, తక్కువైన ఛార్జీ కట్టే మెషిన్ ఉంటుంది, తక్కువైనంత వేసి బయటికి రండి. సుయికాలో, పాస్మోలో 20,000 యెన్‌ల దాకా ఉంచుకోవచ్చు.

పిల్లాడికి ఆరేళ్లు నిండాయని టికెట్ కొనేస్తున్నారు. బడిలో ఒకటో తరగతి మొదలయ్యేదాకా అక్కర్లేదు. టికెట్ ఉన్న ఒక్కొక్కరి వెంట ఇద్దరు చిన్నపిల్లలు ఉచితం, మూడోవారికి పిల్లల టికెట్.

కొన్ని స్టేషన్లలో ఆగకుండా పోయే ర్యాపిడ్ రైలుకు అదనపు ఛార్జీ ఉండదు, నిజమే. అయితే సాయంత్రం టోక్యో నడిబొడ్డున ఉన్న ఓతెమాచిలో అదెక్కితే త్వరగా ఇల్లు చేరతామనుకోకండి. తోయోచో దాటాక అది మళ్లీ ఆగేది ఉరయాసులోనే. నిషికసాయ్, కసాయ్ దాటిపోతాయి. తోయోచోలో దిగి వెనకొచ్చే లోకల్ ఎక్కండి.