మూత్రాశయ క్యాన్సర్ ఆపరేషన్ తరువాత వచ్చే నీరసం: అపోహలు - వాస్తవాలు

మహబూబ్‌నగర్‌లో యూరాలజీ వైద్యుడిగా నేను చూసే రోగుల్లో చాలామంది కుట్ల గురించి, పొట్టకు తగిలించిన మూత్రం సంచి గురించి, తరువాతి పరీక్ష తేదీ గురించి అడిగి, లేచి తలుపు దాకా వెళ్లిన తరువాత వెనక్కి తిరిగి "శాతనైతలేదు సారూ" అంటారు. అన్నిటికన్నా ఎక్కువగా బాధిస్తున్న మాటను చివరికి, అదీ మొహమాటంగా చెప్పడం వెనుక ఇళ్లలో పాతుకుపోయిన కొన్ని నమ్మకాలున్నాయి.

అపోహ: ఆపరేషన్ అయినవారికి నీరసం ఉంటుంది, దానికి మందేముంటుంది?

వాస్తవం: పొలం పని చేసి వచ్చిన అలసట రాత్రి నిద్రతో తీరిపోతుంది. ఈ నీరసం నిద్రపోయి లేచినా అలాగే ఉంటుంది, చేసిన పనికీ దానికీ పొంతన ఉండదు. అయినా దాని వెనుక సరిచేయగల కారణాలు చాలాసార్లు దొరుకుతాయి. జబ్బు బయటపడక ముందు నెలల తరబడి మూత్రంలో రక్తం పోయి ఉండవచ్చు కాబట్టి హిమోగ్లోబిన్ చూడాలి. దానితో పాటు థైరాయిడ్, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తంలోని లవణాలైన సోడియం, పొటాషియం పరీక్షలు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమో చూసే పరీక్ష కూడా అవసరమవుతాయి. మూత్రాశయం మొత్తం తీసివేసి చిన్నపేగు ముక్కతో మూత్రానికి దారి ఏర్పరచినవారిలో ఆ పేగు మూత్రంలోని కొన్ని లవణాలను తిరిగి రక్తంలోకి పీల్చుకోవడం వల్ల రక్తంలో ఆమ్లత పెరిగి, ఆకలి మందగించి, మనిషి మగతగా ఉండిపోవచ్చు. ఒక రక్తపరీక్షతో ఇది తెలుస్తుంది, బైకార్బొనేట్ మాత్రలతో చాలావరకు సర్దుకుంటుంది. బి12 విటమిన్‌ను పీల్చుకునేది చిన్నపేగు చివరి భాగమే. అందులో కొంత తీసినా కాలేయంలో నిల్వ ఉన్న విటమిన్ కొన్నేళ్లు వస్తుంది కాబట్టి లోపం మూడు, నాలుగేళ్ల తరువాత బయటపడవచ్చు. అప్పటికి ఆపరేషన్ సంగతే మరిచిపోయినవారిని చూశాను, అందుకే ఏడాదికోసారి ఈ పరీక్ష చేయించుకోమని చెబుతాను. నీరసాన్ని సున్నా నుంచి పది వరకు అంచనా వేసుకుని, నాలుగు గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే తప్పకుండా చెప్పండి.

అపోహ: కోత లేకుండా మూత్రనాళం నుంచే గడ్డ తీశారు, ఇక అలసట దేనికి?

వాస్తవం: ఆ తరువాత చాలామందికి వారానికొకటి చొప్పున ఆరు వారాలు, గడ్డ తిరగబెట్టకుండా, మూత్రాశయంలోకి బీసీజీ (క్షయ టీకాలో వాడేదే) మందు ఎక్కిస్తారు. మందు పడిన తరువాత ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు ఉండవచ్చు. రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తే నిద్ర ముక్కలవుతుంది. మక్తల్, అచ్చంపేట వైపు నుంచి హైదరాబాద్ వరకు బస్సులో పోయి రావడం కూడా శరీరానికి భారమే. జ్వరం 101 డిగ్రీలు దాటి రెండు రోజులకు మించి ఉన్నా, చలితో వణుకు వచ్చినా ఇంట్లో ఉండకుండా ఆసుపత్రికి రావాలి.

అపోహ: రెండు గ్లూకోజు సీసాలు ఎక్కిస్తే బలం వస్తుంది.

వాస్తవం: కూలి డబ్బులు ఈ నమ్మకం మీద ఖర్చవడం నాకు చాలా బాధ కలిగిస్తుంది. అర లీటరు 5 శాతం గ్లూకోజు సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, దాని నుంచి వచ్చే శక్తి వంద క్యాలరీల లోపే. ఒంట్లో నీరు తగ్గి ఉంటే ఆ పూట కాస్త తేలికగా అనిపించవచ్చు గానీ, రక్తహీనత గానీ కండ తగ్గడం గానీ దానితో తీరవు. రెండు ఉడికించిన గుడ్లలో దాదాపు 12 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పథ్యం పేరుతో పప్పు, గుడ్డు, పెరుగు మాన్పించి గంజి మీదే ఉంచితే కండ మరింత కరిగిపోతుంది. కిడ్నీ పనితీరు తగ్గినవారు తప్ప మిగిలినవారు జొన్నరొట్టెతో పప్పు, పల్లీలు, గుడ్లు, చేపలు కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తినవచ్చు. సంచి తొందరగా నిండుతుందని నీళ్లు తగ్గించుకోవడం కూడా నీరసాన్ని, ఇన్‌ఫెక్షన్‌ను పెంచుతుంది. రాత్రిపూట సంచికి పెద్ద సంచి తగిలించుకుంటే మాటిమాటికీ లేవనవసరం ఉండదు.

అపోహ: మంచం దిగకుండా ఉంటేనే తొందరగా కోలుకుంటారు, లేదా పడుకునే ఉన్నారంటే అది సోమరితనం.

వాస్తవం: ఒకే ఇంట్లో తల్లి మొదటి మాట, కొడుకు రెండో మాట అంటుంటారు. కోస్గి వైపు నుంచి వచ్చిన ఒక రైతు మూత్రాశయం తీసివేసిన ఏడో వారంలో పొద్దంతా పడుకునే ఉంటున్నాడని కొడుకు చెప్పినప్పుడు, ఆయన దినచర్యను మందుల చీటీ వెనుక రాయించాను. తెల్లవారుజామున ఐదింటికి బర్రెలకు రెండు బకెట్ల నీళ్లు, వెంటనే స్నానం, నిలబడే సంచి మార్చుకోవడం, అన్నీ ఎనిమిదిలోపే. ఆ రోజుకున్న శక్తి అక్కడే అయిపోతోంది. నీళ్ల పని కొడుకుకు అప్పగించి, స్నానం పీట మీద కూర్చుని చేయించి, సంచి మార్చడానికీ స్నానానికీ మధ్య గంట విశ్రాంతి పెట్టించి, ఇంటి ముందున్న వేపచెట్టు దాకా రోజుకు మూడుసార్లు నడవమన్నాను. నెల తరువాత ఆయన చేను గట్టు దాకా పోయి వస్తున్నానని చెప్పాడు.

క్యాన్సర్ నీరసానికి మేలు చేస్తుందని పరిశోధనలు గట్టిగా చెబుతున్న వాటిలో నడక, తేలికపాటి వ్యాయామం ముందుంటాయి. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, నెలల మీద వారానికి 150 నిమిషాల వరకు పెంచుకోవచ్చు. పొట్ట మీద పెద్ద ఆపరేషన్ అయినవారు ఆరు నుంచి ఎనిమిది వారాల వరకు నిండు బిందె గానీ యూరియా బస్తా గానీ ఎత్తకూడదు, సంచి పక్కన పేగు ఉబికివచ్చే ప్రమాదం ఉంటుంది. పిక్క వాచినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా నడక ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అపోహ: రాత్రి ఇంత కల్లు తాగితే నిద్రపట్టి ఒళ్లు తేలికవుతుంది.

వాస్తవం: మత్తులో వచ్చే నిద్ర విశ్రాంతినివ్వదు. మన ప్రాంతంలో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు దొరికిన కేసులున్నాయి. అలవాటైనవారు హఠాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు కాబట్టి ఆపరేషన్‌కు ముందే దాచకుండా చెప్పాలి. బీడీ అలసట తీరుస్తుందన్న మాట కూడా నిజం కాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తం మోసుకెళ్లే ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, జబ్బు తిరగబెట్టే అవకాశమూ పెరుగుతుంది.

అపోహ: నీరసం తగ్గలేదంటే క్యాన్సర్ మళ్లీ వచ్చినట్టే.

వాస్తవం: పెద్ద ఆపరేషన్ తరువాత నీరసం నెలల పాటు, కొందరిలో ఏడాది వరకు ఉండవచ్చు. మూత్రంలో మళ్లీ రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, కొత్తగా ఎముకల నొప్పి కనిపిస్తే మాత్రం రాసిచ్చిన తేదీ వరకు ఆగకూడదు. ఆ భయంతోనే నిద్ర, తిండి, మాట తగ్గిపోయిన మనిషికి మానసిక వైద్యుడి సాయం కూడా చికిత్సలో భాగమే. ఈసారి వచ్చినప్పుడు తలుపు దాకా వెళ్లి చెప్పే ఆ మాటను కుర్చీలో కూర్చోగానే చెప్పండి. వెంట వచ్చిన ఇంటివారు కూడా ఆయన పొద్దున ఏయే పనులు చేయగలుగుతున్నారో, ఏ వేళకు అలసిపోతున్నారో చూసి వచ్చి చెబితే, ఏ పరీక్ష ముందు చేయాలో నాకు తెలుస్తుంది.