పాముని పెంచుకుంటామంటున్న పిల్లలకి

పిల్లలూ,

పాముని తెచ్చుకుంటామని ఇంట్లో పట్టుపట్టి కూర్చున్నవాళ్ళు మీలో చాలామందే ఉన్నారు. అమ్మ వద్దంటుంది, నాన్న పరీక్షలయ్యాక చూద్దామంటాడు, ఇండియాలో ఉన్న తాతయ్యకి వీడియో కాల్‌లో చెబితే ఆయనకి ఆ రాత్రి నిద్ర పట్టదు. నేను మాత్రం వద్దనను. మా ఇంట్లో కార్న్ స్నేక్ ఉంది, విషం లేని అమెరికా పాము. మా అబ్బాయి హైస్కూల్లో ఉండగా తెచ్చుకున్నాడు, వాడు కాలేజీకి వెళ్ళాక దాని బాగోగులన్నీ నా చేతికొచ్చాయి, ఇప్పుడు అదంటే నాకు ప్రాణం. అమెరికాలో ఉన్న పిల్లలకి ఈ ఉత్తరం నేరుగా పనికొస్తుంది. హైదరాబాద్, విజయవాడ, మన ఊళ్ళలో ఉన్న పిల్లల లెక్క వేరు, ఆ సంగతి కిందకి వచ్చాక చెబుతాను, అంతవరకూ ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క విషయం బుర్రకెక్కించుకోండి. బయట తిరిగే పాము చలేస్తే ఎండలోకి పోతుంది, ఎండ ఎక్కువైతే రాతికిందకి దూరుతుంది, దాహమేస్తే నీళ్ళ దగ్గరికి, భయమేస్తే కన్నంలోకి. దాని బతుకంతా ఇలా చోటు మార్చుకోవడంతోనే నడుస్తుంది. తెచ్చి అద్దాలపెట్టెలో పెట్టిన నిమిషం నుంచి దానికి ఆ వీలు పోతుంది. అందుకని వెచ్చటి చోటు, చల్లటి చోటు, చీకటి చోటు, తడి చోటు, అన్నీ మీరే ఆ పెట్టెలో అమర్చిపెట్టాలి. ఎప్పుడు దేంట్లో ఉండాలో అదే చూసుకుంటుంది. పాముకైనా కుందేలుకైనా చిలుకకైనా, పంజరంలో ఉన్న దేనికైనా ఇదే పద్ధతి.

కార్న్ స్నేక్‌కి ట్యాంకులో ఒక పక్క 85 నుంచి 88 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో పక్క 75కి అటూఇటూ ఉండాలి. సెల్సియస్‌లో సుమారు 30, 24 అనుకోండి. మొత్తం ట్యాంకంతా ఒకే వేడి ఉంటే అది వెచ్చగా ఉన్నట్టు కాదు, తప్పించుకోడానికి దారి లేనట్టు. ట్యాంకు అడుగున హీట్ మ్యాట్, అంటే కరెంటుతో వేడెక్కే చాప, పెడితే దానికి వేడి హద్దు దాటకుండా ఆపే థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే అది కాలుతూనే ఉంటుంది, పాముకి పొట్ట కింద చర్మం కాలుతున్నా చప్పున పక్కకి జరగదు. షాపుల్లో హీట్ రాక్ అని రాయిలా ఉండేది అమ్ముతారు, దాని జోలికి వెళ్ళకండి, పాములకి కాలిన గాయాలు చేయడంలో దానికి చాలా చెడ్డపేరుంది. థర్మామీటర్లు రెండు కావాలి, పక్కకొకటి. గోడకి అతికించేది గోడ వేడి చెబుతుంది, పాము పడుకునేది కింద, కాబట్టి వైరు చివర ప్రోబ్ ఉన్నది కొని దాన్ని నేలమీద పెట్టండి.

దాక్కునే గూళ్ళు కూడా రెండు ఉండాలి, వెచ్చటి పక్క ఒకటి, చల్లటి పక్క ఒకటి. ఒక్కటే పెడితే పాపం దానికి వెచ్చదనమా, ధైర్యమా అని తేల్చుకోవాల్సి వస్తుంది. గూడు ఎంత ఇరుకుగా ఉంటే అంత మంచిది, ఒళ్ళు నాలుగు పక్కలా తగులుతుంటేనే పాముకి భద్రంగా అనిపిస్తుంది. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో పాములు పట్టే ఇరులర్ తెగవాళ్ళ సహకార సంఘం ఉంది, విషానికి విరుగుడు మందు తయారీకి కావాల్సిన విషం అక్కడ తీస్తారు. ఆ నాగుపాముల్ని, రక్తపింజరల్ని వాళ్ళు ఉంచేది దేంట్లోనో తెలుసా? మట్టికుండల్లో, లోపల కాస్త ఇసక, మూతికి గుడ్డకట్టు. చీకటి, చల్లదనం, ఒంటికి ఆనుకునే గోడ, గుడ్డలోంచి గాలి. కొన్ని వారాలు ఉంచుకుని, నాలుగైదుసార్లు విషం తీసుకుని, మళ్ళీ బయట వదిలేస్తారు. తరతరాలుగా పాముల వెంట నడిచినవాళ్ళు ఎంచుకున్న ఇల్లు అది. మనం చూడ్డానికని నాలుగువైపులా అద్దాలు పెట్టి, లోపల లైటేసి, దాక్కోవడానికేమీ పెట్టకపోతే ఆ పాము రోజంతా భయంతో ఉంటుంది, భయంతో ఉన్న పాము తిండి ముట్టదు.

ట్యాంకు పొడవు దాదాపు పాము పొడవంత ఉండాలి. పెద్దయ్యాక కార్న్ స్నేక్ మూడు నుంచి అయిదడుగులు పెరుగుతుంది, దానికి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న పెట్టె బాగుంటుంది. కింద ఆస్పెన్ చెక్కపొట్టు పరచండి. సీడార్ చెక్కపొట్టు వద్దు, దాని వాసనలో ఉండే నూనెలు పాముకి పడవు. నీళ్ళగిన్నె బరువుగా, అది చుట్టచుట్టుకుని కూర్చునేంత పెద్దగా ఉంటే మేలు. మూతకి క్లిప్పులు ఉండితీరాలి. తల పట్టినంత సందు దొరికితే కార్న్ స్నేక్ బయటికి వచ్చేస్తుంది, తర్వాత ఫ్రిజ్ వెనకా, సోఫా అడుగునా వెతుక్కోవాలి.

ఇక తిండి. ఇక్కడ మన ఇళ్ళలో అసలు చిక్కు వస్తుంది. పాములన్నీ మాంసాహారులే, ఒక్క జాతి కూడా ఆకులూ పళ్ళూ తిని బతకదు. కార్న్ స్నేక్ తినేది చిన్న ఎలుకల్ని, అవి ఫ్రోజెన్‌గా ప్యాకెట్లలో వస్తాయి, మీ ఫ్రీజర్‌లోనే ఉంచాలి. కరివేపాకు, మునక్కాయ ముక్కలు, పక్కనే ఎలుకల ప్యాకెట్టు. అమ్మ ఒప్పుకోకపోతే ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి, వంటిల్లు ఆవిడది కూడా. గ్యారేజీలో వేరే చిన్న ఫ్రీజర్ పెట్టుకునే వీలుంటే అడగండి. అదీ కుదరదు, గుడ్డు కూడా వండని ఇల్లు మాది అంటే, పాముని తీసుకురాకండి. కోడిమాంసం ముక్కలు వేసి సరిపెట్టలేరు, ఎందుకంటే దానికి కావాల్సింది ఎముకతో, లివరుతో, బొచ్చుతో సహా మొత్తం ఎలుక. కాల్షియం ఎముకలోంచి వస్తుంది, విటమిన్లు లివర్లోంచి వస్తాయి.

పెట్టే పద్ధతి చెబుతాను. ముందురోజు రాత్రి ఎలుకని జిప్‌లాక్ కవర్లో పెట్టి ఫ్రిజ్ కింది అరలోకి మార్చండి. మర్నాడు ఆ కవర్‌ని అలాగే వేడి నీళ్ళగిన్నెలో ఉంచండి, దానికోసం వేరే గిన్నె పెట్టుకోండి. మైక్రోవేవ్‌లో పెట్టొద్దు, పైన ఉడుకుతుంది, లోపల గడ్డగానే ఉంటుంది. బయటికి తీశాక పొట్టమీద వేలితో నొక్కి చూడండి, లోపల ఎక్కడా గట్టిగా తగలకూడదు. పొడవాటి పటకారుతో పట్టుకుని తలవైపు ముందుంచి నెమ్మదిగా ఆడించండి. నాలుక ఆడించడం ఎక్కువవుతుంది, మెడ వెనక్కి వంకర తిరుగుతుంది, అంతే, కనురెప్పపాటులో పట్టేసి రెండు మూడు చుట్లు చుట్టేస్తుంది. చచ్చిన ఎలుకనే చుట్టి బిగిస్తుంది చూడండి, అది దాని పుట్టుకతో వచ్చిన పని. తర్వాత దవడ కుడిపక్క ఓసారి, ఎడమపక్క ఓసారి ముందుకి జరుపుకుంటూ మింగుతుంది. ఆ టైములో తలుపు మూసి కదలకుండా కూర్చుని చూడండి. తిన్నాక రెండు రోజులపాటు చేత్తో ఎత్తకూడదు.

ఎలుక లావు పాము నడుం లావుకి సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉంటే చాలు. పిల్లపాముకి పింకీ అనే బొచ్చు రాని ఎలుకపిల్ల, అయిదారు రోజులకొకటి. పెద్దదానికి పది పధ్నాలుగు రోజులకి ఒక్క పెద్ద ఎలుక. అంతేనా, ఆకలెయ్యదా అని మీకు జాలేస్తుంది, నాకూ మొదట్లో అలాగే అనిపించేది. పాము ఒంట్లో వేడి దానంతటదే పుట్టదు, మనలా వేడి పుట్టించుకోడానికి అన్నం ఖర్చు చేయక్కర్లేదు, అందుకే తక్కువ తిండితో బతుకుతుంది. అయితే ఆ తిండి అరగడానికి కావాల్సిన వేడి బయటినుంచి రావాలి. తిన్నాక వెచ్చటి చోటు లేకపోతే పొట్టలో ఎలుక అరగక కుళ్ళిపోతుంది, రెండు మూడు రోజుల్లో కక్కేస్తుంది. అలా కక్కితే వెంటనే ఇంకోటి పెట్టేయకండి, పది రోజులకి పైనే ఆగి, అంతకంటే చిన్నది పెట్టండి, ఈలోగా థర్మామీటరు ఎంత చూపిస్తోందో చూడండి. మళ్ళీ కక్కితే డాక్టరు దగ్గరికి. బతికున్న ఎలుకని మాత్రం లోపల వదలొద్దు, ఎలుక ఊరుకోదు, ఆకలి లేని పాముని కొరికి గాయాలు చేస్తుంది.

కుబుసం విడిచే ముందు కళ్ళు పాలనీలంగా మసకబారతాయి, అప్పుడు తినదు, చిరాగ్గా ఉంటుంది, దాన్ని వదిలేయండి. తడిపిన నాచు పెట్టిన చిన్న డబ్బా ఒకటి లోపల ఉంచితే చాలు. విడిచాక ఆ కుబుసం తల దగ్గర వెలుతురుకి పట్టి చూడండి. పాముకి కనురెప్పలుండవు, కంటిమీద గాజులాంటి పొర ఉంటుంది, అది కూడా కుబుసంతోపాటు ఊడిరావాలి. రెండు గుండ్రటి పారదర్శకమైన బిళ్ళలు కనపడితే హాయిగా ఊపిరి పీల్చుకోండి. ఒకటి లేకపోతే అది కంటిమీదే ఉండిపోయింది, గోటితో పీకడానికి ప్రయత్నించకండి, కన్ను పోతుంది.

చేతులు సబ్బుతో కడుక్కోవడం ఎంత చెప్పినా తక్కువే. పాములు, తాబేళ్ళు ఆరోగ్యంగా ఉన్నా వాటి ఒంటిమీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు. అయిదేళ్ళలోపు తమ్ముడో చెల్లో, పెద్దవయసు బామ్మో ఇంట్లో ఉంటే మరీ జాగ్రత్త. నీళ్ళగిన్నె వంటింటి సింకులో కడగకండి. చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుని జబ్బుపడుతున్నారనే అమెరికాలో 1975లో నాలుగంగుళాలకంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్ళ అమ్మకం ఆపేశారు.

పాము కాకుండా వేరేవి పెంచుకునేవాళ్ళూ ఉన్నారుగా, వాళ్ళకి రెండు మాటలు. బడ్జీలు, లవ్ బర్డ్స్ ఉంటే పంజరం వంటింట్లో పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగ మనకి తెలియను కూడా తెలియదు, పిట్టలు నిమిషాల్లో చనిపోతాయి. అవకాడో వాటికి విషం. గినీ పిగ్‌కి మనలాగే విటమిన్ సి ఒంట్లో తయారవదు, రోజూ క్యాప్సికం ముక్కలాంటిది ఏదో ఒకటి పెట్టాలి. కుందేలుకి క్యారెట్ మిఠాయిలాంటిది, అసలు అన్నం ఎండుగడ్డి, అది రోజంతా నములుతుంటేనే జీవితాంతం పెరుగుతూ ఉండే దాని పళ్ళు అరుగుతాయి. ఇనపతీగల నేలమీద నిలబెడితే దాని పాదాలు పుళ్ళు పడతాయి. వీటన్నిటికీ దాక్కోవడానికి ఓ మూల కావాలి.

ఇప్పుడు మన ఊళ్ళ పిల్లలు. మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం నేరం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది. నాగుపాము, కొండచిలువే కాదు, పొలాల్లో ఎలుకల్ని తినిపెట్టే జెర్రిపోతుని కూడా ముట్టకూడదు. రామచిలుక, నక్షత్ర తాబేలు కూడా ఇదే చట్టం కిందకి వస్తాయి, ఎవరింట్లోనో పంజరంలో చూశాం అంటే అది తప్పు కాకుండా పోదు. బాల్ పైథాన్ లాంటి విదేశీ పాముల్ని ఉంచుకున్నవాళ్ళు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖవాళ్ళ పరివేష్ పోర్టల్లో నమోదు చేయించాలి, కాగితాల్లేకుండా ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళ దగ్గర కొనకండి. పాముల మీద నిజంగా ఇష్టముంటే హైదరాబాద్‌లో నెహ్రూ జూ పార్కుకి వెళ్ళి పాముల ఇంట్లో ఓ పూటంతా గడపండి, ఇంట్లోకి పాము వస్తే కొట్టనివ్వకుండా ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ లాంటివాళ్ళకి ఫోన్ చేయించండి. ఇంకోటి, నాగుల చవితినాడు పుట్టలో పాలు పోయడం పెద్దల భక్తి, దాన్ని నేను తప్పుపట్టను. కానీ బుట్టలో పాముని తెచ్చి పాలు తాగిస్తానని ఇంటింటికీ తిరిగేవాడి దగ్గరికి వెళ్ళకండి. పాముకి పాలు అరగవు. కొన్నాళ్ళు నీళ్ళివ్వకుండా ఎండగట్టి, కోరలు పీకేసిన పాము దాహంతో ఏది పోస్తే అది తాగుతుంది, ఆ తర్వాత ఎక్కువ రోజులు బతకదు. అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

అమెరికాలోనూ రాష్ట్రానికో రూలు. హవాయిలో ఏ పామునీ పెంచుకోవడానికి వీల్లేదు. అట్లాంటా పిల్లలూ, మీ జార్జియాలో కార్న్ స్నేక్ స్థానిక పాము, పర్మిట్ లేకుండా ఇంట్లో ఉంచకూడదు. ముందు కనుక్కోండి, అపార్ట్‌మెంట్ లీజు కూడా చదివించండి.

ఆయుష్షు సంగతి కూడా ఆలోచించండి. కార్న్ స్నేక్ పదిహేను ఇరవయ్యేళ్ళు బతుకుతుంది. బాల్ పైథాన్ అయితే ముప్ఫయ్యేళ్ళు కూడా దాటొచ్చు, సెయింట్ లూయిస్ జూలో ఒకటి 2020లో అరవై దాటిన వయసులో గుడ్లు పెట్టింది. ఇప్పుడు మీకు పన్నెండేళ్ళయితే అది మీతోపాటు కాలేజీ, ఉద్యోగం, పెళ్ళి అన్నీ చూస్తుంది. కాలేజీ హాస్టల్లోకి దాన్ని రానివ్వకపోతే ఎవరు చూస్తారో ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోండి, నాలా ఇష్టంగా తీసుకునేవాళ్ళు ఉంటే సరే. ఇక చాతకాదనిపిస్తే రెప్టైల్ రెస్క్యూ వాళ్ళకి ఇవ్వండి, ఊరి చివర వదిలేయొద్దు. ఫ్లోరిడాలో వదిలేసిన, తప్పించుకున్న బర్మీస్ పైథాన్లనే పెద్ద కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ అనే చిత్తడి నేలల్లో పెరిగి పెరిగి అక్కడి రకూన్లు, ఒపాసమ్‌లు అనే చిన్న జంతువుల్ని దాదాపు కనపడకుండా చేశాయి, 2012లో వాటిని దేశంలోకి తేవడమే నిషేధించారు. మీ కార్న్ స్నేక్‌ని వదిలితే ఊరికి ఏమయినా కాకపోయినా, మీ చేతి తిండికి అలవాటుపడ్డ ఆ పాము చలికే పోతుంది.

సరే, అమ్మానాన్నా ఒప్పుకున్నారనుకోండి. పాముని అదే రోజు తేవద్దు. ముందు ట్యాంకు, మ్యాట్, థర్మోస్టాట్, గూళ్ళు అన్నీ అమర్చి ఒక వారం ఖాళీగా నడపండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి పడుకునేముందు రెండు పక్కల వేడీ పుస్తకంలో రాయండి, ఇంట్లో ఏసీ వేసినప్పుడు ఎంత పడిపోతోందో కూడా చూడండి. వారమంతా అంకెలు నిలకడగా ఉంటే అప్పుడు షాపుకి వెళ్ళండి, అక్కడ కూడా ఆ పాము మీ ముందు ఒకసారి తినేదాకా ఆగి, తిన్నదాన్నే తెచ్చుకోండి. ఆ పుస్తకం పేజీలు ఫోటో తీసి నాకు పంపితే చూసి చెబుతాను, ఎన్ని ప్రశ్నలైనా అడగండి.

మీ
పెద్దమ్మ