కుంపటి దగ్గర వినే మాటలు: అపోహలు - వాస్తవాలు

నేను లోహశాస్త్రం చదివి, ప్రొద్దుటూరులో బంగారం నాణ్యత పరీక్షించే పని చేస్తున్నాను. ఆచారి అన్నల అంగళ్లలో తరచూ వినే మాటల్లో నాలుగు ఇక్కడ రాస్తున్నా.

అపోహ: రెండు లోహాలు కలిపితే, ఆ మిశ్రమం కరిగే వేడి రెంటికీ మధ్యలో ఉంటుంది.

చాలాసార్లు ఉండదు. మేలిమి బంగారం 1064 డిగ్రీల సెల్సియస్ దగ్గర, రాగి 1085 దగ్గర కరుగుతాయి. తూకంలో 80 పాళ్ల బంగారానికి 20 పాళ్ల రాగి కలిపితే సుమారు 910కే కరుగుతుంది. గట్టిగా ఉన్నప్పుడు పెద్ద బంగారు పరమాణువులు, చిన్న రాగి పరమాణువులు ఒకే అల్లికలో ఇరుక్కుని సర్దుకోవాలి. ద్రవంలో ఆ ఇరుకు లేదు, అందుకే తక్కువ వేడికే కరుగుతుంది. వెండి 962 దగ్గర కరుగుతుంది కదా, 72 పాళ్ల వెండికి 28 పాళ్ల రాగి చేరిస్తే దాదాపు 780 చాలు. నగ కరగకుండా, ముక్కలను అతికే టంకం మాత్రమే కరగడం వెనక ఉన్నది ఇదే.

అపోహ: నిప్పులో నల్లబడితే బంగారం మాడినట్టే.

బంగారం మాడదు. దాని ఆక్సైడ్ వేడికి నిలవనే నిలవదు. ఆ నలుపు కలిపిన రాగిది. వెలిగారం కరిగి ఆ రాగి ఆక్సైడ్‌ను తనలో కలుపుకుంటుంది.

అపోహ: కాల్చి నీళ్లలో ముంచితే ఏ లోహమైనా గట్టిపడుతుంది.

ఉక్కు కొడవలికి నిజమే. రాగి కలిపిన 18 క్యారెట్ల ఎర్ర బంగారానికి తలకిందులు. "మెల్లగానే చల్లార్చినా కదా సార్, వంచితే ఎందుకు పగిలె?" అని ఒక అన్న అడిగాడు. మెల్లగా చల్లార్చడమే కారణం. సుమారు 400 డిగ్రీల కింద బంగారం, రాగి పరమాణువులు వరుసలు కట్టి లోహాన్ని బిరుసు చేస్తాయి. నీళ్లలో ముంచితే వరుస కట్టే సమయం దొరకదు, మెత్తగా ఉంటుంది. 22 క్యారెట్లలో రాగి తక్కువ, ఈ టెన్షన్ లేదు.

అపోహ: కేడీఎం అంటే స్వచ్ఛమైన బంగారం.

నాకు ఎక్కువ బాధ కలిగించే అపోహ ఇది. కేడీఎం అన్న మాట టంకంలో కలిపే కాడ్మియం నుంచి వచ్చింది. 92 పాళ్ల బంగారానికి 8 పాళ్ల కాడ్మియం కలిపితే ఆ టంకం నగ కన్నా ముందే కరుగుతుంది, క్యారెట్ కూడా తగ్గదు. అందుకే అది నాణ్యతకు పేరైపోయింది. కొనేవాళ్లు అడగాల్సింది కేడీఎం కాదు, 916 హాల్‌మార్క్.

కాడ్మియం 767 డిగ్రీలకే మరుగుతుంది. బంగారంలో కలిసినా పూర్తిగా కట్టుబడి ఉండదు, అతికే వేడికి ఆవిరై, గాలిలో ఆక్సైడ్ పొగగా మారి, ఊదుగొట్టం పట్టుకున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అన్నా, కాడ్మియం లేని టంకం వాడండి. అందులోని జింకు కూడా 907కి మరుగుతుంది కాబట్టి గాలి ఆడేచోటే కూర్చోండి. కాడ్మియం పొగ పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటల తర్వాత దగ్గు, జ్వరం, ఛాతీ పట్టేయడం మొదలవుతాయి. మామూలు జ్వరమనుకుని ఇంట్లో పడుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, పీల్చింది కాడ్మియం పొగ అని డాక్టరుకు చెప్పండి.