హత్యల లిస్టులో సెయింట్ లూయిస్ ఎప్పుడూ పైనే ఎందుకుంటుంది?

అమెరికాలో ప్రమాదకరమైన నగరాలంటూ ఏ లిస్టు తీసినా సెయింట్ లూయిస్ పైనే కనిపిస్తుంది, దాని చుట్టుపక్కల బాల్టిమోర్, న్యూ ఆర్లీన్స్, డెట్రాయిట్, మెంఫిస్ ఉంటాయి. మనవాళ్లు మాత్రం భయపడేది చికాగో పేరు వింటే. అక్కడి యూనివర్సిటీలో పిల్లలకి సీటు రావడం ఆలస్యం, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, వాట్సాప్‌లో బంధువుల్లో ఎవరో ఒకరు ఏదో ఒక కాల్పుల వీడియో పంపిస్తారు. 2024లో చికాగోలో 573 హత్యలు జరిగాయి, సెయింట్ లూయిస్‌లో 150. ఇలా చూస్తే చికాగోయే ఘోరం. కానీ చికాగో జనాభా దాదాపు 27 లక్షలు, సెయింట్ లూయిస్‌లో ఇప్పుడు 3 లక్షల మంది కూడా లేరు. లక్ష జనాభాకి లెక్కేస్తే చికాగోలో 21, సెయింట్ లూయిస్‌లో 50 పైమాటే. హత్యల సంఖ్య కాదు, రేటు చూడాలి అని ఇంతవరకు అందరూ చెప్తారు. ఆ రేటు కూడా ఎంత పక్కదారి పట్టించగలదో చూడాలంటే 1876 దాకా వెళ్లాలి.

అప్పటికి సెయింట్ లూయిస్ నగరం, కౌంటీ (మన జిల్లా లాంటిది) ఒకటే. జనమూ డబ్బూ నగరంలోనే, చుట్టూ పొలాలు, చిన్న ఊళ్లు. మేం కట్టే పన్నులతో పల్లెలకి రోడ్లు వేయడమేంటని నగరంవాళ్ల ఏడుపు. విడిపోదామని 1876 ఆగస్టులో ఓటింగ్ పెట్టారు. మొదటి లెక్కింపులో విడిపోవద్దన్నవాళ్లే గెలిచారు, అక్రమాలు జరిగాయని గొడవ చేసి మళ్లీ లెక్కిస్తే ఫలితం తిరగబడింది. పోతూ పోతూ నగరం తన హద్దుల్ని మూడింతలకు పైగా పెంచుకుని సుమారు 61 చదరపు మైళ్ల దగ్గర గీత గీసుకుంది, ఎంత పెరిగినా ఇది సరిపోతుందిలే అన్న ధీమాతో. నూట యాభై ఏళ్లయింది, ఆ గీత కదల్లేదు. తర్వాత డబ్బంతా కౌంటీ వైపు వెళ్లిపోయాక, మళ్లీ కలుద్దామని నగరం ఎన్నిసార్లు అడిగినా ఓటర్లు ఒప్పుకోలేదు. చివరిగా 2019లో ఒక ప్రతిపాదన వచ్చింది, ఆ ఏడాదే కౌంటీ ఎగ్జిక్యూటివ్ (కౌంటీ పాలన చూసే పెద్ద) అవినీతి కేసులో ఇరుక్కోవడంతో అదీ అటకెక్కింది.

ఈ గీత లోపల ఏం జరిగిందో జనాభా లెక్కలే చెప్తాయి. 1950లో 8 లక్షల 56 వేల మంది. 2020లో 3 లక్షల 1,578 మంది, అంటే 1880లో ఉన్నంత మంది కూడా లేరు. ఎవరు వెళ్లారు, ఎవరు ఉండిపోయారు అన్నది వాటంతట అవే జరిగిపోయిన సంగతులు కావు. నల్లవాళ్లు ఏ వీధుల్లో ఉండొచ్చో, ఏ వీధుల్లో ఉండకూడదో తేల్చే చట్టాన్ని 1916లో ఈ నగర ఓటర్లే ఆమోదించారు. కోర్టులు దాన్ని కొట్టేశాక ఇళ్ల దస్తావేజుల్లోనే ‘నల్లవాళ్లకి అమ్మరాదు’ అన్న షరతులు రాసుకున్నారు. ఆ షరతుల్ని కోర్టులు అమలుచేయడం కుదరదని సుప్రీంకోర్టు 1948లో చెప్పిన కేసు ఇదే నగరంలోని ఒక ఇంటి గురించి. ఆ తర్వాత హైవేలొచ్చాయి, శివార్లలో ఇళ్లకి ప్రభుత్వ హామీతో లోన్లొచ్చాయి, తెల్లవాళ్లు గీత దాటేశారు, కొన్నేళ్లకి చేతిలో నాలుగు డబ్బులున్న నల్లవాళ్లూ దాటేశారు. వెళ్లే దారి లేనివాళ్లు మిగిలారు.

ఇప్పటికీ నగరంలో తూర్పు పడమరలుగా సాగే డెల్మార్ బులివార్డ్‌కి ఉత్తరాన ఎక్కువగా నల్లవాళ్లు, దక్షిణాన ఎక్కువగా తెల్లవాళ్లు. ఉత్తరం వైపు ఖాళీ ఇళ్లు వేలల్లో ఉన్నాయి, అన్నీ ఒకప్పటి మంచి ఎర్ర ఇటుక కట్టడాలు. ఆ పాత ఇటుకకి బయట గిరాకీ ఉంది కాబట్టి దొంగలు ఏం చేసేవారంటే, ఖాళీ ఇంటికి నిప్పు పెట్టేవారు. ఫైరింజన్ నీళ్ల ధాటికి గోడలో సున్నం వదులైపోతుంది, తర్వాత తీరిగ్గా వచ్చి ఇటుకలు ఊడదీసి పట్టుకెళ్లేవారు. ఇలాంటి వీధులు కొన్నింటిలోనే నగరంలో హత్యలు చాలావరకు జరుగుతాయి.

2020లో ఇక్కడ 263 మంది హత్యకు గురయ్యారు, రేటు 87. దేశంలోని పెద్ద నగరాల్లో అంత రేటు ఇంకెక్కడా లేదని పేపర్లన్నీ రాశాయి. అదే 263ని కౌంటీలో ఉన్న 10 లక్షల మందిని కూడా కలుపుకుని పంచితే 20 వస్తుంది. కౌంటీలో జరిగిన హత్యలు కూడా కలిపితే పెరుగుతుంది, నిజమే, కానీ 87 దరిదాపులకి కూడా రాదు. ఇక్కడున్న వాషింగ్టన్ యూనివర్సిటీ ప్రధాన క్యాంపస్ చాలా భాగం కౌంటీలోకే వస్తుంది, విమానాశ్రయమూ అంతే. సెయింట్ లూయిస్‌లో చదువుతున్నా అని చెప్పే కుర్రాడు ఆ లిస్టులోని సెయింట్ లూయిస్‌లో ఉండకపోవచ్చు.

బాల్టిమోర్ కథా ఇలాంటిదే, అది 1851లోనే కౌంటీ నుంచి విడిపోయింది. దీనికి పూర్తిగా రివర్స్‌లో వెళ్లిన నగరాలూ ఉన్నాయి. నాష్‌విల్ 1963లో, జాక్సన్‌విల్ 1968లో, ఇండియానాపొలిస్ 1970లో, లూయీవిల్ 2003లో కౌంటీని కలిపేసుకున్నాయి. ప్రశాంతమైన శివారు కాలనీలన్నీ లెక్కలోకి వచ్చేస్తే రేటు దానంతటదే తగ్గుతుంది, ఒక్క హత్య తగ్గకపోయినా సరే.

ఈ ర్యాంకుల పిచ్చి ఎప్పటిదంటే, అంకెలు పాతవే, పోటీ కొత్తది. పోలీసు శాఖలు పంపే నేరాల లెక్కల్ని ఎఫ్‌బీఐ 1930 నుంచి సేకరిస్తోంది. దొంగతనాలు, దాడులు జనం ఫిర్యాదు చేస్తేనే లెక్కలోకి వస్తాయి, హత్యని దాచడం కష్టం కాబట్టి పోల్చాలనుకున్నవాళ్లంతా హత్యల అంకెనే పట్టుకుంటారు. మోర్గన్ క్విట్నో అనే పబ్లిషింగ్ కంపెనీ ఆ లెక్కలతో ఏటా ర్యాంకులు వేసి పుస్తకం అమ్మేది. 2006 అక్టోబరులో కార్డినల్స్ టీమ్ బేస్‌బాల్ వరల్డ్ సిరీస్ గెలిచి ఊరంతా పండగ చేసుకుంటుంటే, కొద్ది రోజులకే ఆ కంపెనీ దేశంలోకెల్లా ప్రమాదకరమైన నగరం సెయింట్ లూయిస్ అని ప్రకటించింది. మరుసటి ఏడు నేరశాస్త్రవేత్తల జాతీయ సంఘం ఇలాంటి ర్యాంకుల్ని తప్పుబడుతూ తీర్మానం చేసింది. ఎఫ్‌బీఐ కూడా మా లెక్కలతో ర్యాంకులు వేయకండని రాసి పెడుతుంది. ఎవరు వింటారు!

హత్యల లెక్కలోనూ మెలికలు లేకపోలేదు. ఆత్మరక్షణ కోసం చంపారని తేలితే అది హత్యల్లోకి రాదు. ఐదేళ్ల కిందట తూటా తగిలినవాడు ఆ గాయంతో ఈ ఏడు చనిపోతే ఈ ఏటి పద్దులో పడొచ్చు. 2001 సెప్టెంబరు 11న చనిపోయినవాళ్లని ఎఫ్‌బీఐ న్యూయార్క్ హత్యల్లో కలపలేదు. 2021లో ఎఫ్‌బీఐ కొత్త పద్ధతికి మారినప్పుడు న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ పోలీసులు లెక్కలే పంపలేదు, ఆ ఏటి జాతీయ అంకెలు అంచనాలతో నెట్టుకొచ్చారు.

నా ఉద్దేశంలో ఈ అంకెలు బాగా పనికొచ్చేది ఒక నగరాన్ని దాని గతంతో పోల్చుకోడానికే, అక్కడ గీత మారదు కాబట్టి. న్యూయార్క్‌లో 1990లో 2,245 హత్యలు, 2017లో 292. క్రాక్ కొకైన్ ఉధృతి తగ్గడం, పోలీసులు వారం వారం మ్యాపుల మీద లెక్కలు చూసుకోవడం, ఆర్థిక పరిస్థితి బాగుపడడం, ఇలా ఎవరి కారణం వాళ్లు చెప్తారు. దారినపోయేవాళ్లని ఆపి సోదా చేయడం వల్లే తగ్గాయన్న వాదన మాత్రం నిలబడలేదు. 2011లో 6 లక్షల 85 వేల సార్లు అలా ఆపారు, 2013లో జడ్జి అది రాజ్యాంగ విరుద్ధంగా సాగుతోందన్నారు, సోదాలు బాగా తగ్గిపోయాయి, హత్యలూ తగ్గుతూనే వచ్చాయి. తర్వాత 2020లో దేశమంతటా ఒక్క ఏడాదిలో హత్యలు దాదాపు 30 శాతం పెరిగాయి, ఏ పార్టీ పాలనలో ఉన్న ఊరైనా ఒకటే తీరు. మళ్లీ తగ్గాయి కూడా. బాల్టిమోర్‌లో 2015 నుంచి 2022 దాకా ఏటా 300 దాటేవి, 2024లో 201. వాషింగ్టన్‌లో 2023లో 274, మరుసటి ఏడు 187. ట్రంప్ 2025 ఆగస్టులో అక్కడికి నేషనల్ గార్డ్‌ని దింపింది ఆ అంకె అలా దిగాకే.

ఇక ఇంట్లోవాళ్ల భయం సంగతి. బోస్టన్‌లో 1980 నుంచి 2008 దాకా జరిగిన కాల్పుల్ని పరిశీలిస్తే 74 శాతం కాల్పులు ఆ నగరంలోని 5 శాతం వీధి మూలల్లో, వీధి ముక్కల్లోనే జరిగాయని తేలింది. అందుకని నగరం రేటు చూసి మన పిల్లల రిస్కు ఇంత అని లెక్కేయలేం. మనవాళ్ల మీద కాల్పుల వార్తలు వచ్చినప్పుడు చూడండి, తరచుగా అది పెట్రోల్ బంకులోనో, స్టోర్‌లోనో క్యాష్ కౌంటర్ దగ్గరే. రాత్రి షిఫ్టు, గల్లాపెట్టెలో నోట్లు, ఒక్కడే మనిషి. మంచి ర్యాంకున్న ఊళ్లోనూ ఆ కౌంటర్ ప్రమాదమే. కాబట్టి చికాగోనా, డల్లాసా అని అడగడం కన్నా ఏ వీధి, ఏ పని, ఎన్ని గంటలకి ఇంటికొస్తావు అని అడగడం నయం. వీధి సంగతైతే వెతుక్కోవచ్చు కూడా: చికాగో నగరం 2001 నుంచి నమోదైన నేరాల్ని బ్లాకుల వారీగా ఆన్‌లైన్‌లో పెట్టింది, ఒక్క వారం వెనకగా అప్‌డేట్ అవుతుంది, ఎవరైనా ఫ్రీగా చూడొచ్చు.